అంచు మీది పేరు : శతాబ్ది మధ్యకాలపు స్మారక పతకములు

పతకమునకు, నాణెమునకు భేదమేమి అని మమ్ములను తరచుగా అడుగుచుందురు. నాణెము మీద వెల ఉండును, పతకము మీద ఉండదు. నాణెము చేతులు మారుటకే పుట్టినది. పతకము ఒక్కరి రొమ్ము మీద నిలుచుటకు పుట్టినది. 1964లో నెహ్రూగారి పేరిట మన ప్రభుత్వము విడుదల చేసిన రూపాయి, అర్ధరూపాయి బిళ్లలు స్వతంత్ర భారతదేశపు మొదటి స్మారక నాణెములు. వాటిని చూచి "పతకములు" అను వారు ఇప్పటికిని కలరు. అవి పతకములు కావు, బజారులో చెల్లుటకు ముద్రించిన డబ్బే. ఈ వ్యాసములో మేము చెప్పబోవునది 1935 మొదలు 1953 వరకు, అనగా చక్రవర్తి పాలన పోయి స్వరాజ్యము వచ్చిన ఆ కొద్ది సంవత్సరములలో ఒక సందర్భమును గుర్తు చేయుటకు మనుష్యులకు ఇచ్చిన పతకములను గూర్చి. మాలో కొందరము ఎంతో కాలముగా వీటిని సేకరించుచు, అంతకంటె ఎక్కువగా చూచుచు, వ్రాసికొనుచు వచ్చితిమి. మన సంఘములలో సైన్యములోను, పోలీసు శాఖలోను పని చేసిన వారి కుటుంబములు ఉన్నందున, ఇది మన పెట్టెల అడుగున ఉన్న చరిత్రయే గనుక, ఈ సంచికలో చోటు అడిగితిమి.

మొదట వెండి పతకములు. 1935 మే 6న ఐదవ జార్జి రాజు రజతోత్సవమునకు ఒక పతకము వేసిరి. దానిని చెక్కిన శిల్పి సర్ విలియం గోస్కోంబ్ జాన్. సామ్రాజ్యమంతట సుమారు 85 వేల మందికి అది అందినది. రెండేండ్లు గడువకముందే, 1937 మే 12న ఆరవ జార్జి పట్టాభిషేకము జరుగగా మరియొక పతకము. శిల్పి పెర్సీ మెట్‌కాఫ్, పొందినవారు సుమారు 90 వేలు. రెండును అంగుళమున్నర కంటె చిన్నవి, మంచి వెండితో చేసినవి, అందమైనవి. రెండింటి మీదను "జి. ఆర్. ఐ." అను మూడక్షరముల రాజముద్ర ఉన్నది. జార్జి, రాజు, చక్రవర్తి అని దాని అర్థము. ఈ మూడవ అక్షరమును చదువరులు గుర్తు పెట్టుకొనవలెను. ముందు దానితో పని ఉన్నది.

ఈ రెండు వెండి పతకములలో ఒక లోపము ఉన్నది. పొందినవాని పేరు వాటి మీద లేదు. పేరు లేకుండనే ఇచ్చినారు. ఎవరికి ఇచ్చినారో తెలుపు యోగ్యతాపత్రము వేరుగా ఒక కాగితము మీద వచ్చినది. కొందరు తమ సొంత ఖర్చుతో కంసాలి చేత పేరు చెక్కించుకొనిరి గాని ఎక్కువమంది ఆ పని చేయలేదు. ఆ కాగితము చెదలు తినిన నాడు, లేక ఇంటి గోడ నుండి దింపి పారవేసిన నాడు, పతకము అనాథ అయినది. పెద్ద ఉద్యోగులకు, పేరుగల వారికి ఇచ్చిన ఆ వెండి బిళ్ల నేడు చేతికి వచ్చినచో అది ఎవరిదని చెప్పుటకు మార్గము లేదు. కంసాలి తక్కెడలో దాని విలువ దాని తూకమే. 1979 చివర, 1980 మొదట వెండి ధర ప్రపంచమంతట ఒక్కసారిగా పైకి పోయినప్పుడు, ఎన్నో దేశములలో వెండి పతకములు కొలిమి పాలయినవి. మన దేశములో అంతకుముందే ఆ అలవాటు ఉన్నది. ఆడపిల్ల పెండ్లికి కాలి పట్టీలు చేయించుటకు తాతగారి పతకము కరిగించిరి అను మాట మేము ఒకటి కంటె ఎక్కువ ఇండ్లలో విన్నాము. దానిని తప్పు పట్టుటకు మాకు మనసు రాదు. పేరు లేని వెండిని బిడ్డ కాళ్లకు పెట్టుటలో అన్యాయమేమున్నది?

ఇక యుద్ధము వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి భారత సైన్యములో సుమారు 25 లక్షల మంది ఉండిరి. నిర్బంధము లేకుండ చేరిన వారితో అంత పెద్ద సైన్యము అంతకుముందు ప్రపంచములో ఎక్కడను లేదు. మొదటి యుద్ధము తరువాత ఒక్కొక్కటిగా రద్దయిన మద్రాసు పదాతి దళములు ఈ యుద్ధములో మరల లేచినవి. మద్రాసు శాపర్లు సరే సరి. వారు ఎప్పుడును రద్దు కాలేదు. తెలుగు జిల్లాల నుండి ఎందరో చేరిరి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము దాపున మాధవరము అను ఊరికి "మిలిటరీ మాధవరము" అను పేరు ఊరక రాలేదు. ఇంటికొక సిపాయి ఉన్న ఊరు అది. బర్మా సరిహద్దు నుండి తిరిగి వచ్చిన వారికి ఆరు మూలల కంచు నక్షత్రములు, యుద్ధ పతకము, భారత సేవా పతకము మొదలైనవి వచ్చినవి. ఇవి యుద్ధసేవకు ఇచ్చినవి, స్మారక పతకములు కావు. అయినను వీటిని ప్రక్కన పెట్టి తరువాతి పతకమును చదువుట సాధ్యము కాదు.

భారత సేవా పతకమునే చూడుడు. 1939 సెప్టెంబరు 3 మొదలు 1945 సెప్టెంబరు 2 వరకు జరిగిన యుద్ధకాలములో, రణరంగమునకు పోకుండ మూడేండ్లు సేవ చేసిన భారత సైనికులకు ఉద్దేశించినది. సుమారు 2,20,000 మందికి ఇచ్చినారు. బొమ్మ వైపు కిరీటము ధరించిన ఆరవ జార్జి తల, దాని చుట్టు లాటిను భాషలో అతడు రాజనియు, ఇండియా చక్రవర్తియనియు వ్రాత. బొరుసు వైపు ఇండియా పటము. ఏ ఇండియా? లాహోరు, కరాచీ, ఢాకా అన్నియు లోపలనే ఉన్న ఇండియా. ఆ పతకమును 1946లో ప్రకటించిరి. ఇంకొక్క సంవత్సరమునకే దాని మీది పటము పాతబడి పోయినది. పటము మారిన తరువాత కూడ ఆ పతకమును ధరించినవారు సరిహద్దుకు ఇరువైపుల ఉండిరి.

ఈ యుద్ధకాలపు పతకములు వెండివి కావు. యుద్ధములో వెండికి కరువు వచ్చినది. 1940లో రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. 1947లో రూపాయి పూర్తిగా నికెలు బిళ్ల అయినది. ఆ కాలములోనే యుద్ధ పతకమును, సేవా పతకమును రాగి నికెలు కలిపిన లోహముతో వేసిరి. వీటిని పొందినవారిలో కొందరు అప్పుడు చిన్నబుచ్చుకొని ఉండవచ్చును. మొదటి యుద్ధమున పోరాడిన వారి తండ్రులకు వెండి పతకము వచ్చినది గదా! కాని ఆ చవక లోహమే వీటిని కాపాడినది. కంసాలి వాటిని ముట్టలేదు. అవి పిల్లల ఆటబొమ్మలయినవి, మొలత్రాళ్లకు వ్రేలాడినవి, పాత సామానుల వానికి పోయినవి, కాని కరిగిపోలేదు.

ఇక మా వ్యాసమునకు ముఖ్యమైన పతకమునకు వచ్చుచున్నాము. భారత స్వాతంత్ర్య పతకము, 1947. మా అభిప్రాయములో ఇరువదవ శతాబ్దములో మన దేశపు మనుష్యులకు ఇచ్చిన పతకములన్నిటిలోను ఇంత చదువదగినది మరియొకటి లేదు. ఇదియు రాగి నికెలు బిళ్లయే. రిబ్బను మూడు సమాన పట్టీలు: కాషాయము, తెలుపు, ఆకుపచ్చ. బొరుసు వైపు అశోకుని సింహములు, "భారత స్వాతంత్ర్యము, 15 ఆగస్టు 1947" అని ఇంగ్లీషున వ్రాత. ఇంతవరకు మనము అనుకొన్నట్లే ఉన్నది. బొమ్మ వైపు త్రిప్పుడు. నడుమ అశోకచక్రము. ఆ చక్రము మీద కిరీటము! చుట్టును లాటినులో ఆరవ జార్జి పేరు, బిరుదులు.

స్వాతంత్ర్య పతకము మీద రాజకిరీటమేమి అని మొదటిసారి చూచిన వారందరు అడుగుదురు. సమాధానము చరిత్రలో ఉన్నది. 1947 ఆగస్టు 15 నుండి 1950 జనవరి 26 వరకు మన దేశము స్వతంత్రమే గాని గణతంత్రము కాదు, డొమినియను. చట్టరీత్యా రాజు రాజుగానే ఉండెను. సైన్యమునకు పతకము పెట్టవలెనన్నచో అతని ఆమోదము ఉండవలెను. 1948లో ఆ ఆమోదముతోనే ఈ పతకము ఏర్పడినది. కాని వ్రాతను జాగ్రత్తగా చదివినచో ఎంత మారినదో తెలియును. "ఇండియా చక్రవర్తి" అను మాట అందులో లేదు. ఆ బిరుదును 1948 జూన్ 22న రాజు వదలుకొనెను. లండనులో వేసిన 1948 నాటి నాణెముల మీద ఆ మాట ఇంకను ఉన్నది, 1949 నాటి వాటి మీద లేదు. ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. ఈ పతకము మీద రాజు ముఖము లేదు. యుద్ధ పతకము మీద ఉన్నది, సేవా పతకము మీద ఉన్నది, ఇక్కడ లేదు. ముఖముండవలసిన చోటికి చక్రము వచ్చినది. కిరీటము పైకి జరిగి చిన్నదైనది. దీనిని గీసినవారు ఎంత చర్చించి ఉందురో!

ఒక సిపాయి యుద్ధమునకు ముందు చేరి 1950 తరువాత కూడ కొనసాగినచో అతని రొమ్ము మీది పతకములను చదువుటయే ఒక పాఠము. కంచు నక్షత్రము మీద చక్రవర్తి ముద్ర. సేవా పతకము మీద చక్రవర్తి తల, అవిభక్త పటము. స్వాతంత్ర్య పతకము మీద తల లేదు, కిరీటము చక్రమునకు తోడుగా ఉన్నది. 1950లో ఏర్పడిన సాధారణ సేవా పతకము మీద భవానీ ఖడ్గము, ప్రక్క వైపు తామరపూవు. కిరీటము జాడ లేదు. కాశ్మీరు యుద్ధములో పని చేసిన వారికి దానికి "జమ్ము కాశ్మీరు" పట్టీ కూడ వచ్చినది. నాలుగు బిళ్లలు, పదేండ్లు. అదే మనిషి, అదే నంబరు.

నంబరు అంటిమి గదా. ఇక్కడనే మా అసలు మాట ఉన్నది. స్వాతంత్ర్య పతకమును పేరుతో ఇచ్చినారు. దాని సన్నని అంచు మీద చిన్న పెద్దక్షరములతో సైనికుని నంబరు, హోదా, పేరు, దళము ముద్రించి ఉండును. సామాన్య సిపాయిది మొదలు సుబేదారుది వరకు అంతే. వెండి పతకము పెద్దమనిషిని మరచినది, నికెలు పతకము సిపాయిని మరువలేదు. సేకరణలో ఇంతకాలముగా మాకు కలిగిన సంతోషములలో దీనికి సాటి వచ్చునది లేదు.

ఈ పతకము ఎవరికి వచ్చినది, ఎవరికి రాలేదు అను ప్రశ్న మన తెలుగువారికి మరింత దగ్గరిది. 1947 ఆగస్టు 15 నాడు భారత సేనలలో ఉన్నవారికి, 1948 జనవరి 1 వరకు మన సేవలో నిలిచిన బ్రిటిషువారికి, ఆ తేదీలోగా భారతదేశములో చేరిన సంస్థానముల సేనలకు ఇది వర్తించినది. హైదరాబాదు సంస్థానము అప్పటికి చేరలేదు. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందము మాత్రము కుదిరినది. 1948 సెప్టెంబరులో ఐదు రోజుల పోలీసు చర్య తరువాత గాని అక్కడ ఆ ప్రశ్న తేలలేదు. కాబట్టి బెజవాడవాడు మద్రాసు దళములో ఉండి ఈ పతకము పొందెను. నిజాము సేనలో ఉన్న వరంగల్లువానికి ఆ అర్హత లేదు. ఇద్దరి ఇండ్లలోను మాట్లాడినది తెలుగే. హైదరాబాదు పాత సామానుల బజారులలో ఈ పతకము దొరికినప్పుడు, ఇది సికింద్రాబాదు కంటోన్మెంటులో స్థిరపడిన భారత సైనికునిదని మేము మొదట ఊహింతుము. అంచు చదివినప్పుడు చాలసార్లు అట్లే తేలును.

పోలీసు శాఖ వారికి 1950 జనవరి 26ను పురస్కరించుకొని వేరొక స్వాతంత్ర్య పతకము ఇచ్చినారు. స్వాతంత్ర్యమునకు 25 ఏండ్లు నిండిన 1972 ఆగస్టు 15న సేవలో ఉన్న సైనికులందరికి ఇంకొకటి ఇచ్చినారు. రాజ్యాంగము 18వ అధికరణము బిరుదులను రద్దు చేసినది గాని, సైనిక గౌరవములను మినహాయించినది. ఆ మినహాయింపు వలననే ఈ వరుస ఆగలేదు.

లండనులో ఈలోగా ఏమి జరిగినది? 1953 జూన్ 2న రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునకు సెసిల్ థామస్ చెక్కిన వెండి పతకము వచ్చినది. పాత సంప్రదాయము ప్రకారము దాని మీదను పేరు లేదు. ముద్ర మాత్రము మారినది. "చక్రవర్తి" అనెడి ఆ అక్షరము, మేము మొదట గుర్తు పెట్టుకొమ్మన్నది, ఇక లేదు. 1937 పతకమును, 1953 పతకమును ప్రక్క ప్రక్కన పెట్టినచో ఆ ఒక్క అక్షరములో ఒక సామ్రాజ్యము పోయినది. ఈ పతకమునకు ఒక విశేషము ఉన్నది. పట్టాభిషేకమునకు నాలుగు రోజుల ముందు, మే 29న, టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు శిఖరము ఎక్కిరి. ఆ దండు వారికై 37 పతకముల అంచు మీద "ఎవరెస్టు పర్వత యాత్ర" అని ఇంగ్లీషున చెక్కి ఇచ్చినారు. లక్షకు పైగా ఇచ్చిన పతకము అది. బొమ్మ అదే, వెండి అదే. అంచు మీద మూడు మాటలున్న ఆ 37 మాత్రము వేరు. అంచు చూడక పతకమును చేత పట్టుకొను సేకర్తలను చూచినప్పుడు మాకు ఈ సంగతి జ్ఞాపకము వచ్చుచుండును.

సేకరణ మార్గము చెప్పుట తేలిక, చేయుట కష్టము. మద్రాసులో మూర్ మార్కెట్ 1985 మే నెలలో కాలిపోవువరకు పాత పుస్తకముల నడుమ పతకములు కూడ దొరికెడివి. హైదరాబాదులో గురువారపు సంత, అనగా జుమేరాత్ బజారు, ఇప్పటికిని ఉన్నది. కాని మా అనుభవములో మంచి పతకములు బజారులో కాదు, ఇండ్లలోనే ఉన్నవి. ఇండ్లలోనివి కొనరాదని మా నియమము. చూచి, వ్రాసికొని, తిరిగి ఇచ్చివేయుదుము. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరులో ఇటువంటి పెట్టెలు ఎన్ని కొట్టుకొని పోయినవో ఎవరు లెక్కింపగలరు!

నకళ్ల విషయము. కంటోన్మెంటు దర్జీ దుకాణములలో పతకముల నకళ్లు బహిరంగముగా అమ్ముదురు. అందులో మోసము లేదు. అసలు పోగొట్టుకొన్న మాజీ సైనికుడు కవాతుకు పోవలెనన్నచో ఏదో ఒకటి ధరింపవలెను గదా. ఆ నకలు రెండు చేతులు మారి "అసలు" అయినప్పుడు మోసము మొదలగును. అచ్చులో పోసిన నకలుకు గీతలు మొద్దుగా ఉండును, సన్నని బుడగల గుంటలు కనిపించును. దాని అంచు ఖాళీగా గాని, చేతితో గీకిన అక్షరములతో గాని ఉండును. అసలుదాని అంచు మీద అక్షరములు ఒకే ఎత్తు, ఒకే లోతు.

అసలువాటికి నకళ్లకంటె పెద్ద శత్రువు మన ఇంటి శుభ్రత! పండుగకు ఇత్తడి సామానుతో పాటు పతకమును కూడ చింతపండు పెట్టి తోమిన ఇండ్లు మాకు తెలియును. కొందరు బ్రాసోతో రుద్దుదురు. ఇరువది ముప్పది ఏండ్లు అట్లు చేసినచో బొమ్మ నునుపగును. ముందుగా పోవునది అంచు మీది పేరే, ఎందుకనగా అది అన్నిటికంటె సన్ననిది. మెత్తని ప్లాస్టికు సంచులలో కూడ పెట్టరాదు. కోస్తా తేమకు ఆ సంచి చెమర్చి పతకమునకు పచ్చని జిగురు పట్టును. మెత్తని నూలు గుడ్డలో గాని, మంచి కాగితములో గాని చుట్టి పెట్టిన చాలును. నల్లబడినచో నల్లగానే ఉండనిండు.

అంచు చదువుటలో మన పేర్ల వలన ఒక చిక్కు ఉన్నది. సైన్యములో చేరునాడు గుమాస్తా చెవికి ఎట్లు వినిపించినదో అట్లు వ్రాసెను. ఇంటిపేరు చాలమందికి వ్రాయనే లేదు. ఇంట యోహాను అని పిలువబడినవాడు అంచు మీద జాన్, యోసేపు అక్కడ జోసెఫ్. తాతగారి పేరు ఇది కాదే అని కొందరు పతకమునే అనుమానించిరి. అట్టివారు పేరు కంటె నంబరును నమ్మవలెను. హోదా కూడ సాయపడును. "జమేదారు" అను హోదా 1965లో నాయబ్ సుబేదారుగా మారినది గనుక, ఆ మాట ఉన్న అంచు అంతకు ముందటిది.

ఇండ్లలో పతకములున్నవారు ఒక పని చేయవచ్చును. సన్నని తెల్ల కాగితపు పట్టీని అంచు చుట్టు బిగించి, మెత్తని పెన్సిలుతో అడ్డముగా మెల్లగా రుద్దినచో అక్షరములు కాగితము మీద తేలును. కంటికి కనిపించని అక్షరము కూడ ఒక్కొక్కసారి ఇట్లు బయటపడును. ఆ కాగితము మీదనే తేదీ వేసి, పతకము ఇంటిలో ఎవరిదో, తెలిసినవారు ఏమి చెప్పుదురో వ్రాసి ఉంచవలెను. మద్రాసు రెజిమెంటు కేంద్రము నీలగిరిలో వెల్లింగ్టన్‌లో ఉన్నది, మద్రాసు శాపర్లది బెంగుళూరులో. దళము పేరును బట్టి ఏ కేంద్రమునకు వ్రాయవలెనో తెలియును. వ్రాయునప్పుడు నంబరును ముందు, పేరును తరువాత వ్రాయుడు. పెన్సిలు పట్టీ నకలును దానికి జతపరచుడు. అసలు పతకమును మాత్రము టపాలో పంపకుడు.